సిరా నలుపు మీద మోపిన నేరాలు

గోథిక్ నువార్ గ్రాఫిక్ నవల పేరెత్తగానే వినపడే అభిప్రాయం ఒకటుంది. వాన పడుతున్న వీధి, పాడుబడ్డ మేడ, టోపీ నీడలో ముఖం దాచుకున్న మనిషి, మొదటి పుటల్లోనే ఒక ఆడమనిషి శవం. ఈ సరంజామా సమకూరితే చాలు, పుస్తకం తయారైపోతుందంటారు. కథ పల్చన, సిరా చిక్కన అంటారు. హంతకుడెవరో తేలేదాకా చదివిస్తుంది, తేలాక అటకెక్కుతుందంటారు. హింసను అందంగా చూపించి కాసులు చేసుకుంటుందని, లేత మనసుల్లో విషం నింపుతుందని, పైగా ఇది లండన్, షికాగోల సరుకే తప్ప మన గడపకు సంబంధించింది కాదని అంటారు.

ఈ మాట అనేవాళ్ళు అల్పులు కారు. సాహిత్యం బాగా చదివినవాళ్ళు అంటున్నారు, కామిక్స్‌ను ప్రేమించేవాళ్ళూ అంటున్నారు. వాళ్ళ మాటలో కొంత నిజం కూడా ఉంది. 1991లో ఫ్రాంక్ మిల్లర్ 'సిన్ సిటీ' మొదలుపెట్టాక, నలుపు తెలుపుల మధ్య మరో ఛాయ లేకుండా ఒక మనిషిని గీసి చేతిలో తుపాకీ పెడితే చాలనుకున్న అనుకరణలు వచ్చాయి. వాటిని వెనకేసుకు రావడం నా పని కాదు. కానీ అనుకరణలను చూపించి మూలాన్ని కొట్టిపారెయ్యడం విమర్శ కాదు. నవలను, కథానికను, సినిమాను వాటి నాసిరకం నమూనాలతో ఎవరూ తూచరు. పెద్ద సంస్థల పెత్తనం లేకుండా, హక్కులు తమ దగ్గరే ఉంచుకుని సొంత పూచీ మీద పనిచేసే ఈ రచయితలను, చిత్రకారులను మాత్రం అలా తూస్తున్నారు. అందుకే ఒక్కో ఆరోపణనూ విడిగా తీసుకోవాలి.

దానికి ముందు ఒక సంగతి. గోథిక్, నువార్, అపరాధ పరిశోధన అనే మూడింటినీ ఫ్యాషన్ కోసం అతికించారనడం చరిత్ర తెలియక అనే మాట. శిథిల భవనాల మీద భయానక కథలు రాసిన ఎడ్గార్ అలన్ పో, అదే చేత్తో 1841లో 'ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్' రాశాడు. ఆధునిక డిటెక్టివ్ కథ అక్కడే మొదలైందంటారు. 1920లో జర్మనీలో వచ్చిన 'ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కలిగరి' సినిమాకు సెట్ల మీదే రంగులతో నీడలు గీశారు. ఆ సినిమా వాతావరణంలో పనిచేసిన ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోడ్‌మాక్, బిల్లీ వైల్డర్ నాజీలు వచ్చాక దేశం విడిచి హాలీవుడ్ చేరారు, నేరకథా చిత్రాలు తీశారు. 1946లో ఫ్రెంచి విమర్శకుడు నీనో ఫ్రాంక్ ఆ కోవ అమెరికన్ చిత్రాలను నువార్ అన్నాడు. గోథిక్‌లో పాతిపెట్టిన గతం తిరిగి లేస్తుంది. నువార్‌లో చట్టానికే మకిలి అంటి ఉంటుంది. ఈ రెండూ కలిసినచోట పరిశోధకుడి ముందున్న ప్రశ్న మారిపోతుంది. చంపింది ఎవరు అన్నదాన్ని మించి, ఈ చావు జరగడానికి ఎంతమంది చూసీ చూడనట్టు ఊరుకున్నారు అన్నది పెద్దదవుతుంది. ఈ పుస్తకాల ఆకర్షణ ఆ ప్రశ్నలో ఉంది. నా వాదన అంతా ఇదే.

1. "కథ పల్చన, సిరా చిక్కన"

ఈ ఆరోపణ వెనక ఒక తప్పుడు లెక్క ఉంది. కామిక్స్‌లో కథ మాటల్లో ఉంటుందని, బొమ్మ దానికి అలంకారమని ఆ లెక్క. ఆ లెక్కన మాటలు తక్కువున్న పుట తేలిక పుట. నవలకు పెట్టే కొలత తెచ్చి గ్రాఫిక్ నవలకు పెడితే ఎప్పుడూ లోటే కనిపిస్తుంది.

'ఫ్రమ్ హెల్' అయిదో అధ్యాయం చూడండి. అలన్ మూర్ రాయగా ఎడ్డీ క్యాంప్‌బెల్ బొమ్మలు వేసిన పుస్తకమది. 1888లో లండన్ వైట్‌చాపెల్‌లో జాక్ ది రిప్పర్ చేసిన హత్యలు దాని వస్తువు. ఆ అధ్యాయంలో ఒకే రోజు రెండు చోట్ల తెల్లవారుతుంది. ఒకటి రాజవైద్యుడు సర్ విలియం గల్ ఇల్లు. రెండోది నిలవ నీడలేని పాలీ నికల్స్ బతుకు. గల్ ఉదయాన్ని క్యాంప్‌బెల్ నీళ్ళు కలిపిన సిరాతో, మెత్తటి బూడిద ఛాయల్లో వేశాడు. పాలీ ఉదయాన్ని పాళీతో కాగితం గీరినట్టు వేశాడు. గడి మారినప్పుడల్లా సిరా మారుతుంది. ఉన్నవాడి మీద పడే వెలుగు, లేనిదాని మీద పడే వెలుగు ఒకటి కావని చెప్పడానికి ఆ పుటలు ఒక్క వాక్యం కూడా ఖర్చు పెట్టవు. సిరాను పక్కన పెడితే ఇక్కడ కథ మిగలదు. వర్గభేదం గురించి పుంఖానుపుంఖాలుగా రాసిన నవలలను గంభీరమైనవని ఒప్పుకునేవాళ్ళు, అదే సంగతిని రెండు రకాల గీతతో చెబితే దాన్ని పైపై మెరుగు అని ఎలా అంటారు?

ఇంకో ఉదాహరణ ఎమిల్ ఫెరిస్. 'మై ఫేవరెట్ థింగ్ ఈజ్ మాన్‌స్టర్స్' మొదటి భాగాన్ని 2017లో ఫాంటాగ్రాఫిక్స్ ప్రచురించింది. 1960ల చివర్లో షికాగోలోని అప్‌టౌన్‌లో పెరుగుతున్న కేరెన్ రేయెస్ అనే పదేళ్ళ పిల్ల రాసుకున్న నోటుపుస్తకంలా సాగుతుంది కథ. పుటల మీద రూళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. బొమ్మలన్నీ బాల్‌పాయింట్ పెన్నులతో వేసినవి. కేరెన్ తనను తాను తోడేలు పిల్లగా గీసుకుంటుంది, డిటెక్టివ్ కోటు తొడుక్కుంటుంది. పైమేడలో ఉండే ఆంకా సిల్వర్‌బర్గ్ చావు వెనక ఏముందో కనిపెట్టడానికి బయల్దేరుతుంది. ఆ పెన్ను గీతలు ఒకదాని మీద ఒకటి అల్లుకుని ముఖాలుగా మారతాయి. బడిపిల్లల చేతిలో ఉండే పెన్నుతో, లెక్కలు రాసుకునే కాగితం మీద ఒక మహానగరపు క్రౌర్యాన్నంతా గీయడం కథ చెప్పే పద్ధతిలో భాగం. ఆ పిల్లకు అందుబాటులో ఉన్న సాక్ష్యం అదొక్కటే.

ఆకర్షణంతా నలుపులోనే ఉందనేవాళ్ళు రిక్ గేరీని ఏం చేస్తారో చెప్పాలి. 1987 నుంచి ఎన్‌బీఎం సంస్థ ద్వారా ఆయన విక్టోరియన్ కాలపు హత్యల మీద ఒక వరస పుస్తకాలు వేశాడు. సన్నటి, శుభ్రమైన గీత. పట్టపగటి వెలుగు. వీధుల పటాలు, ఇంటి నక్షాలు. చీకటి ముద్దలు దాదాపు లేవు. అయినా మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్‌లో హత్యలు జరిగిన బోర్డెన్‌ల ఇంటి గదుల నక్షాను గేరీ గీసి, ఎవరు ఏ గదిలో ఉన్నారో గుర్తుపెట్టి చూపిస్తుంటే, ఒళ్ళు జలదరిస్తుంది. గోథిక్ అంటే సిరా పరిమాణం కాదని చెప్పడానికి ఈ ఒక్క చిత్రకారుడు చాలు.

2. "హంతకుడెవరో తేలాక ఇంకేముంది?"

ఈ శీర్షిక కింద నిజానికి రెండు ఆరోపణలు ఉన్నాయి, రెండూ తరచుగా ఒకే నోటి నుంచి వస్తాయి. రహస్యం తెలిసిపోయాక ఈ పుస్తకాల్లో చదవడానికేమీ మిగలదన్నది మొదటిది. ముడి విప్పకుండానే వదిలేసి పాఠకుణ్ణి మోసం చేస్తారన్నది రెండోది. ముడి విప్పితే తప్పు, విప్పకపోతే తప్పు. ఇలాంటి వాదనకు ఏ పుస్తకమూ జవాబు చెప్పుకోలేదు, ఎందుకంటే అది తీర్పు ముందు రాసుకుని విచారణకు వచ్చిన వాదన.

'ఫ్రమ్ హెల్'లో హంతకుడు ఎవరన్నది రహస్యమే కాదు. మొదటి హత్యకు ఎంతో ముందు, రెండో అధ్యాయంలోనే గల్ జీవితం మన ముందుంటుంది. గల్ హంతకుడన్న ఊహ స్టీఫెన్ నైట్ 1976లో రాసిన పుస్తకంతో ప్రచారమైంది. దాన్ని చరిత్రగా నమ్మి తాను ఈ కథ రాయలేదని మూర్ దాచుకోలేదు. పుస్తకం చివర పేజీల కొద్దీ అనుబంధం ఇచ్చి, ఎక్కడ ఆధారం ఉంది, ఎక్కడ కల్పన చేశాడు అన్నది పుట పుటకూ చెప్పాడు. మరి పాఠకుణ్ణి పట్టి ఉంచేదేమిటి? హత్యల చుట్టూ కదిలే వ్యవస్థ. అంతఃపురం పరువు, వైద్యుల సంఘాలు, పోలీసు పెద్దల మౌనం, పత్రికల ఆకలి, అద్దెగదుల ధరలు. హంతకుడు తెలిసి ఉండడం వల్లే మన చూపు వీటి మీదకు తిరుగుతుంది.

2001లో దీన్ని సినిమా తీసినవాళ్ళు సరిగ్గా ఈ కీలకాన్నే వదులుకున్నారు. హంతకుడి పేరును చివరిదాకా దాచారు. ఇన్‌స్పెక్టర్ ఆబర్‌లైన్‌ను నల్లమందు మత్తులో దృశ్యాలు చూసే మనిషిగా మార్చారు. పుస్తకంలో దివ్యదృష్టి ఉందని చెప్పుకునేవాడు రాబర్ట్ లీస్. అవన్నీ తాను కల్పించి చెప్పినవేనని ముసలితనంలో అదే ఆబర్‌లైన్ దగ్గర ఒప్పుకుంటాడు. పుస్తకం కూల్చిన దాన్నే సినిమా నిలబెట్టింది. "హంతకుడు తేలాక ఏముంది" అన్న ప్రశ్న ఆ సినిమాకు తగులుతుంది, పుస్తకానికి తగలదు.

ఇక ముడి విప్పకపోవడం. 1892 ఆగస్టు 4న ఫాల్ రివర్‌లో ఆండ్రూ బోర్డెన్, ఆయన రెండో భార్య ఆబీ సొంత ఇంట్లోనే గొడ్డలి వేట్లకు చనిపోయారు. కూతురు లిజీని మరుసటి సంవత్సరం జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. గేరీ 1997లో ఈ కేసు మీద వేసిన పుస్తకంలో ఎవరి పేరూ ఖాయం చెయ్యడు. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు పరుస్తాడు. ఇందులో మోసం ఎక్కడుంది? కోర్టు తేల్చనిదాన్ని, చరిత్ర తేల్చనిదాన్ని రక్తి కట్టడం కోసం తేల్చేస్తే అదీ మోసం. ఒక బతికున్న మనిషి మీద ఊరంతా కలిసి జీవితాంతం మోపిన నేరాన్ని, సాక్ష్యం లేకుండా తానూ మోపడానికి ఒప్పుకోని రచయిత అతను.

బ్రయన్ మైకేల్ బెండిస్, మార్క్ ఆండ్రేకో కలిసి చేసిన 'టోర్సో' సంగతీ చూడండి. 1930ల క్లీవ్‌లాండ్‌లో తల లేని మొండాలు దొరుకుతుంటే, అల్ కపోన్ కాలంలో పేరు తెచ్చుకున్న ఎలియట్ నెస్ ఆ నగర భద్రతాధికారిగా ఏమీ చెయ్యలేకపోయాడు. 1938లో నెస్ పేదల గుడిసెల వాడను ఖాళీ చేయించి తగలబెట్టించాడు. ఎవరికీ ఎప్పటికీ శిక్ష పడలేదు. హంతకుడు దొరకని కేసులో కాలిపోయింది పేదవాళ్ళ కొంపలు. ఇంత నిజం చేతిలో ఉన్న రచయితను, చివరి పుటలో ఎవరినో ఒకరిని పట్టి సంకెళ్ళు వెయ్యమని అడగడానికి మనసెలా వస్తుంది?

కామిక్స్ పుటకు మరో శక్తి ఉంది. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో 'అండర్‌స్టాండింగ్ కామిక్స్'లో దాన్ని చూపించాడు. ఒక గడిలో గొడ్డలి ఎత్తిన మనిషి ఉంటాడు. తర్వాతి గడిలో రాత్రి నగరం మీద ఒక కేక ఉంటుంది. ఆ వేటు ఏ గడిలోనూ లేదు. రెండు గడుల మధ్య ఖాళీలో ఆ వేటు వేసింది చదివేవాడు. ఎంత బలంగా వెయ్యాలో, ఎక్కడ వెయ్యాలో వాడే నిర్ణయించుకున్నాడు. అపరాధ పరిశోధనకు ఇంతకంటే తగిన రూపం ఏముంటుంది? సినిమా తన వేగంతో మనల్ని లాక్కుపోతుంది. ఇక్కడ పాఠకుడు ఆగవచ్చు, పది పుటలు వెనక్కి వెళ్ళి కిటికీ తలుపు వేసి ఉందో తీసి ఉందో సరిచూసుకోవచ్చు. అందుకే రెండోసారి చదివినప్పుడు ఈ పుస్తకాలు పెరుగుతాయి.

3. "ఆడవాళ్ళ శవాలను అలంకరించి అమ్ముతున్నారు"

అన్ని ఆరోపణల్లోకీ బరువైనది ఇదే. దీన్ని తేలిగ్గా తీసెయ్యడానికి నేను సిద్ధంగా లేను. 'సిన్ సిటీ'లో ఈ మాట చాలావరకు నిజం. అక్కడ ఆడవాళ్ళు మగవాడి పగకు కారణాలుగానో, అతని చూపుకు విందుగానో ఉంటారు తప్ప తమకంటూ ఒక ఉదయం, ఒక పని, ఒక ఆకలి ఉన్న మనుషులుగా ఉండేది తక్కువ. మిల్లర్ గీతలోని ప్రతిభ ఈ లోటును పూడ్చదు.

కానీ ఆ ఒక్క పుస్తకం మీద తీర్పును మొత్తం ప్రక్రియకు రుద్దేవాళ్ళు, అదే ప్రక్రియ ఈ పాపాన్ని ఎంత కఠినంగా విచారించిందో చూడనే లేదు. జాక్ ది రిప్పర్ పేరు నూరేళ్ళకు పైగా ప్రపంచమంతా మోగింది. చనిపోయిన అయిదుగురి పేర్లు అడిగితే ఎంతమంది చెప్పగలరు? మేరీ ఆన్ 'పాలీ' నికల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోవ్స్, మేరీ జేన్ కెలీ. 1888 ఆగస్టు 31న తెల్లవారకముందే మేరీ ఆన్ నికల్స్ వీధిలో ఉన్నది, పడకకు కట్టాల్సిన నాలుగు పెన్నీలు లేక సత్రం వాళ్ళు బయటికి పంపినందుకు. నాలుగు పెన్నీలు ఉంటే ఆమె ఆ తెల్లవారుజామున బతికి ఉండేది. 'ఫ్రమ్ హెల్' ఈ నాలుగు పెన్నీల దగ్గర ఆగుతుంది, ఆ డబ్బు కోసం ఒక మనిషి ఎన్ని గుమ్మాలు తిరగాలో చూపిస్తుంది. హత్యను మించి హత్యకు ముందున్న ఆకలికి ఎక్కువ పుటలు ఇచ్చిన రిప్పర్ కథ అంతకుముందు ఏది వచ్చిందో ఆరోపించేవాళ్ళు చూపించాలి.

పదో అధ్యాయాన్ని తప్పుపట్టేవాళ్ళే ఎక్కువ. మేరీ కెలీ గదిలో జరిగిన దాన్ని ఆ అధ్యాయం దాచదు, తొందరపెట్టదు. పుటల తరబడి, ఒకే గదిలో, ఒకే మనిషి పని చేస్తూ ఉంటాడు. దీన్ని వినోదమని అన్నవాడు ఆ పుటలు చదివి ఉండడు. ఉత్కంఠ లేదు, తరుముడు లేదు, ఎవరో వచ్చి కాపాడతారన్న ఆశ లేదు. హత్యను వేగంగా, అందంగా, కోసీ కొయ్యనట్టు చూపించే కథలు మనల్ని ప్రేక్షకులుగా సుఖపెడతాయి. ఆ సుఖాన్ని ఈ అధ్యాయం తీసేస్తుంది. చదివేవాడు తల తిప్పుకోవాలనుకుంటాడు. ఆ తల తిప్పుకోవాలన్న కోరికే వైట్‌చాపెల్‌ను అలా ఉంచిందని తెలుసుకుంటాడు. నా దృష్టిలో ఇది ఈ ప్రక్రియ చేసిన అత్యంత నిజాయితీ గల పని.

పుస్తకానికి హద్దు కూడా ఉంది. ఆ స్త్రీలందరినీ వేశ్యలుగానే చూసిన పాత నమ్మకాన్ని అది మోసుకొచ్చింది. అయిదుగురిలో ముగ్గురి విషయంలో అందుకు ఆధారమే లేదని హాలీ రూబెన్‌హోల్డ్ 2019లో తన పరిశోధనలో వాదించింది. ఆ వాదన తెలిశాక మూర్ పుస్తకాన్ని మరికొంత జాగ్రత్తగా చదవాలి. అయితే ఇది గోథిక్ నువార్‌కు వ్యతిరేకంగా నిలిచే సాక్ష్యం కాదు. చచ్చిపోయినవాళ్ళను ఇంకా దగ్గరగా చూడమంటున్న సాక్ష్యం, ఈ ప్రక్రియ అడిగేదీ అదే.

ఎడ్ బ్రూబేకర్, షాన్ ఫిలిప్స్ 2012 నుంచి 2014 దాకా ఇమేజ్ సంస్థ ద్వారా తెచ్చిన 'ఫేటల్' మరో దారి తొక్కింది. మగవాణ్ణి పతనం చేసే మాయలాడి అన్నది నువార్‌లో అరిగిపోయిన పాత్ర. ఇందులో జోసెఫిన్‌కు వయసు రాదు, ఆమెను చూసిన మగవాళ్ళు తమ ప్రమేయం లేకుండానే లొంగిపోతారు. ఆ శక్తి ఆమె కోరుకున్నది కాదు, ఆమెను వదిలేదీ కాదు. ఆమె వెంట పడుతున్నది ఒక మతోన్మాద ముఠా. మగవాళ్ళ నాశనానికి ఆడదాన్ని బాధ్యురాలిని చేసిన దశాబ్దాల నువార్ కథలను ఈ ఒక్క మలుపు తిరగరాసింది. ఆమెను అలా తయారుచేసింది ఎవరు అని అడిగింది. ఆ ప్రశ్న అడగడానికి గోథిక్ శాపమే దారి ఇచ్చింది.

ఫెరిస్ పుస్తకంలోనైతే చనిపోయిన స్త్రీ నోరు మూతపడనే లేదు. ఆంకా మరణాన్ని పోలీసులు ఆత్మహత్యగా రాసి కేసు మూసేస్తారు. ఆమె తన గొంతుతో చెప్పిన కథ క్యాసెట్లలో మిగిలి ఉంటుంది. కేరెన్ ఆ టేపులు వింటుంది. నాజీల జర్మనీలో ఆంకా బతుకు, దానికి ముందు బెర్లిన్ గదుల్లో పెద్దమనుషులు ఆడపిల్లలను కొనుక్కున్న రాత్రులు ఆ గొంతులోనే బయటికొస్తాయి. శవంగా మొదలైన ఆమె పుస్తకమంతటిలోకీ ఎక్కువ మాట్లాడే మనిషి అవుతుంది. ఇది అలంకరించి అమ్మడమైతే, వినడం అనే మాటకు అర్థం లేదు.

4. "చీకటికి గిరాకీ ఉంది కాబట్టి గీస్తున్నారు"

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. 'ఫ్రమ్ హెల్' 1989లో 'టాబూ' అనే సంకలనంలో మొదలైంది. ఆ సంకలనం ఆగిపోయింది. తర్వాత చేపట్టిన టండ్రా మూతపడింది, ఆ తర్వాతి కిచెన్ సింక్ కూడా మూతపడింది. చివరికి 1999లో చిత్రకారుడు క్యాంప్‌బెల్ తానే ప్రచురణకర్తగా మారి సంపుటం తెచ్చాడు. చార్ల్స్ బర్న్స్ 'బ్లాక్ హోల్' పన్నెండు సంచికలు వెయ్యడానికి 1995 నుంచి దాదాపు పదేళ్ళు పట్టింది. పదేళ్ళపాటు ఒకే కథ మీద కూర్చునేవాడు గిరాకీ వెంట పరుగెత్తేవాడు కాడు. ఎమిల్ ఫెరిస్ నలభయ్యేళ్ళ వయసులో దోమకాటుతో వచ్చిన వెస్ట్ నైల్ జ్వరానికి నడుము కింది భాగం చచ్చుబడి, బొమ్మలేసే చేతి మీద పట్టు కోల్పోయింది. పెన్నును చేతికి టేపుతో అంటించుకుని మళ్ళీ గీయడం నేర్చుకుంది. ఆమె పుస్తకాన్ని 48 ప్రచురణ సంస్థలు తిప్పిపంపాయి. అచ్చయ్యాక కూడా, ప్రతులను తెస్తున్న ఓడల కంపెనీ దివాలా తీయడంతో అవి పనామా కాలువ దగ్గర చిక్కుకుపోయాయి. 2018లో మూడు ఐస్నర్ పురస్కారాలు వచ్చాయి, నిజమే. కానీ పురస్కారాన్ని చూపించి ఆ పుస్తకాన్ని గిరాకీ సరుకనడం, అంతకుముందరి 48 తిరస్కారాలను కప్పిపెట్టడమే అవుతుంది.

రిచర్డ్ సాలా లాంటివాళ్ళ సంగతి వేరు, అదీ చెప్పాలి. 1997లో సంపుటంగా వచ్చిన 'ది చక్లింగ్ వాట్సిట్'లో సామాజిక విచారణ వెతికితే దొరికేది తక్కువ. ముసుగు ముఖాలు, రహస్య సంఘాలు, వంకరటింకర వీధులు, ఒకరి వెనక ఒకరు పరుగులు. పాత సినిమా సీరియళ్ళ మీద ప్రేమతో ఊపిరి పోసుకున్న లోకమది. ఆనందం కోసం గీసిన పుస్తకం అది, ఆ ఆనందం చక్కగా ఇస్తుంది. ఆనందించే హక్కు పాఠకుడికి ఉందని ఒప్పుకోవడానికి విమర్శకులు ఎందుకు వెనకాడాలో నాకు అర్థం కాదు.

5. "ఇది మనది కాదు"

1947లో చందమామ మొదలైంది. అందులో ఏళ్ళ తరబడి పిల్లలు నెలనెలా చదివిన బేతాళ కథల మకుటం ఏమిటి? అర్ధరాత్రి, శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, దాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు. చేతిలో కత్తితో, భుజాన శవంతో విక్రమార్కుణ్ణి శంకర్ వేసిన బొమ్మను చూసి పెరిగిన తెలుగు ఇళ్ళు లెక్కలేనన్ని. శవంలోని బేతాళుడు ఒక చిక్కు కథ చెబుతాడు. న్యాయం ఎటుందో తేల్చమంటాడు. రాజు సరైన జవాబే చెబుతాడు, చెప్పగానే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రహస్యం విడిపోవడంతో బరువు దిగదని, జవాబు చెప్పినవాడే మళ్ళీ మొదటికి నడవాలని మనవాళ్ళు కథాసరిత్సాగరం కాలం నుంచీ చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ వెంట తెలుగు పాఠకులు ఊళ్ళకు ఊళ్ళే నడిచారు. శ్మశానమూ మనకు కొత్త కాదు, అపరాధ పరిశోధనా కొత్త కాదు. లండన్ కథ లండన్‌దే, షికాగో కథ షికాగోదే. వాటిని చదివి అందుకోవడానికి కావలసిన అలవాటు మాత్రం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది.

6. "లేత మనసులు చెడిపోతాయి"

ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిసీ ఇంకా దీన్ని వాడేవాళ్ళ మీద నాకు కోపం ఉంది.

1954లో మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్' రాశాడు. పిల్లలు నేరస్థులు కావడానికి కామిక్స్ కారణమన్నాడు. వెర్థమ్ దుర్మార్గుడు కాదు. న్యూయార్క్ హార్లెమ్‌లో పేద నల్లవాళ్ళ కోసం మానసిక చికిత్సాలయం నడిపిన మనిషి. కానీ ఆయన పత్రాలు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాక, పిల్లల మాటలను ఆయన మార్చాడని, కలిపాడని, అతిశయోక్తి చేశాడని కేరల్ టిల్లీ 2012లో ఆధారాలతో చూపించింది. అంటే ఈ భయానికి పునాదిగా చెప్పే పుస్తకమే సాక్ష్యాన్ని వంచింది.

1954లోనే అమెరికన్ సెనేట్ ఉపసంఘం కామిక్స్ మీద విచారణ జరిపింది. ప్రచురణకర్తలు భయపడి అక్టోబరులో కామిక్స్ నియమావళి తెచ్చుకున్నారు. అందులో ఏముందో ఈ ఆరోపణ చేసేవాళ్ళు ఒకసారి చదవాలి. పేరులో భయానకాన్ని సూచించే మాటలు ఉండకూడదు. రక్తపిశాచులు, తోడేలు మనుషులు, లేచి నడిచే శవాలు ఉండకూడదు. ఇంతవరకు పిల్లల కోసమే అనుకుందాం. దానితోపాటు, పోలీసులను, న్యాయమూర్తులను, ప్రభుత్వాధికారులను అధికారం మీద గౌరవం తగ్గేలా చూపించకూడదు అని కూడా ఉంది. ప్రతి కథలోనూ మంచే గెలవాలి, నేరస్థుడికి శిక్ష పడాలి. గోథిక్‌నూ నువార్‌నూ ఒకే కాగితంలో, ఒకే సంతకంతో నిషేధించారు. పిశాచిని తీసెయ్యమన్న చెయ్యే, లంచగొండి పోలీసునూ తీసెయ్యమంది. చీకటి అంటే భయపడినవాళ్ళకు ఆ చీకటిలో ఏం కనిపిస్తుందో బాగా తెలుసు.

ఫలితం ఎక్కడ తేలిందో చూడండి. ఈసీ సంస్థ 1953లో జాతివివక్ష మీద 'జడ్జిమెంట్ డే' అనే కథ వేసింది. చివరి గడిలో శిరస్త్రాణం తీసిన వ్యోమగామి నల్లజాతివాడు. ఆ కథను మళ్ళీ అచ్చు వెయ్యబోతే, వ్యోమగామి నల్లవాడుగా ఉండకూడదని నియమావళి అధికారి పట్టుబట్టాడని ప్రచురణకర్త విలియం గెయిన్స్, సంపాదకుడు అల్ ఫెల్డ్‌స్టీన్ చెప్పారు. గెయిన్స్ లొంగలేదు. 1956లో కథ మార్పు లేకుండానే వచ్చింది. ఈసీ కామిక్ పుస్తకాల్లో అదే చివరిది. లేత మనసుల రక్షణ కోసం పుట్టిందన్న వ్యవస్థ ఒక మనిషి ముఖం రంగు దాకా వెళ్ళింది.

ఆ నియమావళికి ప్రచురణకర్తలు పూర్తిగా చెల్లుచీటీ రాసింది 2011లో. అంతకు ఎంతో ముందే స్వతంత్ర కామిక్స్ దాని ముద్ర అడగకుండా, ఆ ముద్ర ఉన్న పుస్తకాలకే చోటిచ్చే దుకాణాలను నమ్ముకోకుండా బతకడం నేర్చుకున్నాయి. నిషేధించిన తోడేలు మనిషిని కేరెన్ తన ముఖంగా గీసుకోవడం, గౌరవం తగ్గకుండా చూపించాల్సిన పోలీసు పెద్దలను 'ఫ్రమ్ హెల్' కుట్రలో భాగస్వాములుగా చూపించడం యాదృచ్ఛికం కాదు. నియమావళి ఏయే తలుపులు మూసిందో ఈ పుస్తకాలు వాటినే తెరిచాయి. కాబట్టి నేడు ఎవరైనా "మరీ ఇంత చీకటి ఎందుకు, చివర్లో కాస్త ఆశ చూపించొచ్చుగా, పోలీసులంతా చెడ్డవాళ్ళేనా" అన్నప్పుడు, వాళ్ళకు తెలిసినా తెలియకపోయినా 1954 నాటి ఆ షరతులనే మళ్ళీ పెడుతున్నారు.

నేను ఆ షరతులను ఒప్పుకోను. ఎవరికి ఏ వయసులో ఏ పుస్తకం ఇవ్వాలన్నది ఇంట్లో పెద్దలు, గ్రంథాలయాల్లో తెలిసినవాళ్ళు ఆలోచించి నిర్ణయించవలసిన విషయం. 'ఫ్రమ్ హెల్' పదేళ్ళ పిల్లకు ఇమ్మని ఎవరూ అనడం లేదు. కానీ పెద్దలు చదివే పుస్తకాన్ని పిల్లల పేరు చెప్పి నిలదీయడం, ఆ పుస్తకం అడిగే ప్రశ్నల నుంచి తప్పించుకునే దారి. చీకటి తగ్గించమని అడిగేవాళ్ళు ఏ పుటలో ఏ నీడ తీసెయ్యమంటున్నారో వేలుపెట్టి చూపించాలి. నాలుగు పెన్నీలు లేక పాలీ నికల్స్ నడిచిన వీధి మీదిదా? పోలీసులు మూసేసిన కేసులో ఆంకా సిల్వర్‌బర్గ్ మంచం పక్కదా? చూపించలేనప్పుడు ఆ ఆరోపణను వాళ్ళు వెనక్కి తీసుకోవాలి.